గుంటూరు మిర్చి ధరలకు ర్యాండమ్ వాక్ కుదరడం లేదా? ముందు డేటా చూడండి

రేపటి ధరకు ఇవాళ్టి ధరే మంచి అంచనా, మార్పును ముందుగా పసిగట్టలేం. ర్యాండమ్ వాక్ చెప్పేది ఇంతే. 1900లో ఫ్రెంచ్ గణితవేత్త లూయీ బషెలియే పారిస్ బాండ్ల ధరలకు ఇలాంటి లెక్కే కట్టాడు. మిర్చి యార్డు ధరలకు కడితే ఏదో ఒక క్రమం బయటపడి, మోడలే తప్పేమో అనిపిస్తుంది. చాలాసార్లు ఆ క్రమం మార్కెట్‌ది కాదు, ధర నమోదైన తీరుది.

సమస్య: అంచనా గీత అసలు గీతకు అతుక్కుపోయింది, ఆర్-స్క్వేర్ (అంచనా ఎంత సరిపోయిందో చెప్పే కొలత; 1 అంటే పూర్తిగా) 0.99

సంబరపడకండి. గీతను దగ్గరగా చూస్తే నిన్నటి ధరే ఒక రోజు పక్కకు జరిగి కనిపిస్తుంది. ధరలను నేరుగా వాడితే ఇలాగే అవుతుంది. ఇవాళ్టి ధరను నిన్నటి ధరతో భాగించి లాగ్ తీసుకోండి (ఎక్సెల్‌లో ఎల్‌ఎన్). తర్వాత ‘నిన్నటి ధరే ఇవాళ్టి ధర’ అన్న అంచనాలో వచ్చే సగటు తప్పుతో మీ మోడల్ తప్పును పోల్చండి. అంతకంటే తగ్గకపోతే మీ మోడల్ కొత్తగా ఏమీ చెప్పనట్టే.

సమస్య: రోజువారీ మార్పుల్లో ఒకరోజు పైకి, మర్నాడు కిందికి; వరుస మార్పుల మధ్య సహసంబంధం (కోరిలేషన్) -0.3, -0.4

ఎక్కువ మంది తికమకపడేది ఇక్కడే. 250 రోజుల డేటాలో ±0.13 లోపు సహసంబంధాన్ని పట్టించుకోనక్కర్లేదు. -0.4 మాత్రం వదిలేసేది కాదు. క్వింటాలు ధర వరుసగా 14,000, 14,500, 14,000 అని ఉందనుకోండి. మార్పులు +3.5%, -3.5%. మార్కెట్ అంత ఊగిందా? మధ్య రోజున మంచి రంగున్న లాట్లు ఎక్కువ అమ్ముడై ఉండొచ్చు. లేదా కొత్త కాయ, ఏసీ కాయ (కోల్డ్ స్టోరేజీలో దాచింది) ఒకే వరుసలో కలిసిపోయి ఉండొచ్చు. తేజ, 334 రకాలు కలిపేసినా ఇదే గతి. తాలు కాయ (రంగు పోయిన నాసిరకం) కలిస్తే చెప్పనే అక్కర్లేదు. ఇలాంటి చెత్త మరీ ఎక్కువైతే సహసంబంధం -0.5 దాకా దిగుతుంది.

రకాలను విడదీయండి. కనిష్ఠ, గరిష్ఠ ధరల సగటు కాకుండా మోడల్ ధర (modal price; అంచనా మోడల్‌తో సంబంధం లేదు), అంటే ఎక్కువ సరుకు అమ్ముడైన ధర వాడండి. ఆ తర్వాత వేరియెన్స్ (మార్పులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత; దీని వర్గమూలమే ప్రామాణిక విచలనం) చూడాలి. 5 రోజుల మార్పుల వేరియెన్స్‌ను ఒక రోజు మార్పుల వేరియెన్స్‌కు 5 రెట్లతో భాగించండి. ఆర్థికవేత్తలు ఆండ్రూ లో, క్రెయిగ్ మెకిన్లే 1988లో ఇచ్చిన పరీక్షకు మూలం ఇదే. ఫలితం 1 దగ్గరుంటే సరే. బాగా తక్కువొస్తే రోజువారీ లెక్కలో చెత్త ఇంకా ఉండి ఉండొచ్చు. అప్పుడు 5 రోజుల ప్రామాణిక విచలనాన్ని √5తో భాగించి, దాన్నే రోజువారీ విలువగా తీసుకోవడం మేలు.

సమస్య: వారపు ధరల్లో ఈ వారం పెరిగితే వచ్చే వారమూ పెరుగుతోంది, సహసంబంధం సుమారు 0.25

మీరు వాడుతున్నది వారపు సగటు. అసలైన ర్యాండమ్ వాక్‌ను సగటు చేసినా సుమారు 0.25 వస్తుందని ఆర్థికవేత్త హోల్‌బ్రూక్ వర్కింగ్ 1960లోనే చూపించాడు. పైగా వేరియెన్స్ మూడింట రెండు వంతులకు పడిపోతుంది. సగటు మానేసి, వారంలో చివరి లావాదేవీ రోజు ధర తీసుకోండి. అప్పటికీ సహసంబంధం నిలిస్తే అది నిజంగా ఆలోచించాల్సిన విషయం.

సమస్య: వరుసగా సున్నాలు, తర్వాత ఒక్కసారిగా దూకుడు

వేసవి సెలవుల్లో పాత ధరనే కిందికి లాగి నింపేశారు. ఆ వరుసలు తీసేసి, లావాదేవీ జరిగిన రోజులనే లెక్కించండి. సెలవులు దాటి వచ్చిన తొలి మార్పును ఒక రోజు మార్పుగా వేయకూడదు.

సమస్య: ధర అంచనా పరిధి దాటిపోతోంది

ధర 14,000, రోజువారీ విచలనం 1.5% అయితే 20 లావాదేవీ రోజులకు 1.5 × √20, అంటే 6.7%. 95% పరిధి సుమారు 12,300 నుంచి 16,000. పెద్ద మార్పులు నార్మల్ పంపిణీ చెప్పేదానికంటే తరచుగా వస్తాయి కాబట్టి, గత డేటాలోని 20 రోజుల మార్పులను వరుసలో పెట్టి 2.5%, 97.5% స్థానాలు కూడా చూడండి.

పరిధి మొత్తం ఒక వైపుకే ఒరిగితే డ్రిఫ్ట్ (ధర సగటున ఒక వైపుకు కదిలే వేగం) కలిపి ఉంటారు. సగటు మార్పు మొదటి ధర, చివరి ధర మీదే ఆధారపడుతుంది. 1.5% విచలనంతో 250 రోజుల డేటా ఉంటే, ఏడాది డ్రిఫ్ట్ అంచనాలో ప్రామాణిక దోషమే, అంటే అంచనా అటూ ఇటూ పోగల కొలతే, సుమారు 24%. నెల రోజుల అంచనాకు డ్రిఫ్ట్ సున్నా పెట్టండి.