హాడ్జ్‌కిన్ లింఫోమాలో వైరస్ వాటా మారిందో లేదో తేల్చుకోవడం ఎలా?

ఒక ప్రాంతం పేదరికం నుంచి తేరుకుంటున్నకొద్దీ అక్కడి హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో మొదలయ్యే ఒక క్యాన్సర్) తీరు కూడా మారుతుందని వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నారు. ఆ మార్పును ఆసుపత్రి పాత బ్లాకుల్లోనో (మైనంలో భద్రపరిచిన కణజాల ముక్కలు) క్యాన్సర్ రిజిస్ట్రీలోనో వెతకాలనుకునే పాథాలజీ, ప్రజారోగ్య విద్యార్థులకు ఉపయోగపడాలని ఈ పద్ధతి రాస్తున్నాను. నమూనాగా బ్రెజిల్‌ను తీసుకోవచ్చు. అక్కడ 1954 నుంచి 2008 వరకు, అంటే 54 ఏళ్ల పాటు నిర్ధారణ అయిన కేసులను పరిశీలించినప్పుడు, క్యాన్సర్ కణాల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఈ లింఫోమాలో కొన్ని కేసులతో ముడిపడిన వైరస్) కనిపించే కేసుల వాటా కాలక్రమేణా తగ్గినట్లు తేలింది.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. సంపద పెరిగినంత మాత్రాన ఈ వైరస్ మాయం కాదు. ప్రపంచంలోని పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఏదో ఒక వయసులో ఇది సోకే ఉంటుంది. మారేది సోకే వయసు. ఇరుకిళ్లలో, ఎక్కువమంది తోబుట్టువుల మధ్య పెరిగే పిల్లలకు ఇది లాలాజలం ద్వారా పసితనంలోనే, చాలావరకు ఏ లక్షణమూ లేకుండా అంటుకుంటుంది. చిన్న కుటుంబాల్లో, విశాలమైన ఇళ్లలో పెరిగినవారికి కౌమారం దాకా సోకకపోవచ్చు, అప్పుడు సోకితే జ్వరం, గొంతు నొప్పి, గ్రంథుల వాపుతో మోనోన్యూక్లియోసిస్‌గా బయటపడుతుంది. ఆ జబ్బు వచ్చిపోయిన యువతలో వైరస్ ఉన్న హాడ్జ్‌కిన్ లింఫోమా ముప్పు సుమారు 4 రెట్లు పెరుగుతుందని 2003లో డెన్మార్క్, స్వీడన్ పరిశోధకులు చూపించారు. అయినా సంపన్న దేశాల్లో యువతకు వచ్చే ఈ లింఫోమాలో ఎక్కువ భాగం వైరస్ కనిపించనిదే. ఈ చిక్కుముడి నేటికీ పూర్తిగా విడలేదు కనుక, ఫలితాలను వ్యాఖ్యానించేటప్పుడు తొందరపడకూడదు.

కేసులను మొదట వయసును బట్టి విడదీయండి. పేద సమాజాల్లో ఈ జబ్బు మగపిల్లల్లోను, మళ్లీ పెద్ద వయసులోను ఎక్కువగా కనిపిస్తుందని, సంపన్న సమాజాల్లో మాత్రం యువతలో శిఖరం ఏర్పడుతుందని, ఈ రెండింటికీ నడుమ మూడో తీరు ఒకటి ఉందని 1971లోనే కొరెయా, ఓకానర్ అనే పరిశోధకులు వివరించారు. వైరస్ వాటా పిల్లల్లోను, వృద్ధుల్లోను ఎక్కువ, యువతలో తక్కువ. అందువల్ల అన్ని వయసులనూ కలిపి ఒకే శాతం చెబితే, జనాభాలో పిల్లల సంఖ్య తగ్గడం వల్ల వచ్చిన తేడాను కూడా జబ్బులో వచ్చిన మార్పుగా పొరబడతారు. వృద్ధుల కేసులను విడిగా ఉంచాలి, ఎందుకంటే అక్కడ వయసుతో సన్నగిల్లే రోగనిరోధక శక్తి పాత్రే ఎక్కువని భావిస్తున్నారు. హెచ్ఐవీ ఉన్నవారి కేసుల్లో దాదాపు అన్నిట్లోనూ ఈ వైరస్ ఉంటుంది కాబట్టి, వాటినీ వేరుగా లెక్కించాలి.

పరీక్ష విషయంలో రాజీపడవద్దు. వైరస్ డీఎన్ఏ ఉందని పీసీఆర్ చెబితే చాలదు, ఎందుకంటే అది పక్కనున్న మామూలు లింఫోసైట్లలోదైనా కావచ్చు. వైరస్ ఆర్ఎన్ఏను కణజాలంలోనే రంగుతో చూపే ఎబర్ పరీక్షలో, ఈ లింఫోమాకు గుర్తైన రీడ్-స్టెర్న్‌బర్గ్ క్యాన్సర్ కణాల కేంద్రకాల్లోనే రంగు కనిపించాలి. పాత పారఫిన్ బ్లాకుల్లో ఆర్ఎన్ఏ చెడిపోయి ఉండవచ్చు కాబట్టి, ఆర్ఎన్ఏ నిలిచి ఉందో లేదో చెప్పే నియంత్రణ పరీక్షను ప్రతి బ్లాకుకూ చేసి, విఫలమైనవాటిని నెగెటివ్‌గా కాకుండా లెక్క నుంచే తొలగించాలి. ఇక్కడ ఒక చిన్న తర్కం గుర్తుంచుకోదగినది: ఆర్ఎన్ఏ చెడిపోతే పాత కేసులే తప్పుగా నెగెటివ్ అవుతాయి, కనుక బ్రెజిల్‌లో లాగా పాత కేసుల్లోనే వైరస్ ఎక్కువగా కనిపిస్తే, ఆ తగ్గుదలను బ్లాకుల పాతదనం మీదకు నెట్టలేము. అయితే పాత రోజుల్లో ఈ కణాల మీది ప్రోటీన్లను చూపే సీడీ15, సీడీ30 రంజనాలు లేనందున ఇతర లింఫోమాలు కూడా ఇదే పేరుతో నమోదయ్యాయి, కాబట్టి స్లైడ్లన్నిటినీ తిరిగి చదివించక తప్పదు.

అన్నిటికన్నా ఎక్కువగా పొరబడేది వాటాకు (మొత్తం కేసుల్లో వైరస్ ఉన్నవి ఎన్ని), రేటుకు (జనాభాలో ఏటా ఎన్ని కేసులు) మధ్యనే. 10 లక్షల జనాభా ఉన్న ఒక పట్టణాన్ని ఊహించుకోండి. ఒకప్పుడు అక్కడ ఏటా 10 కేసులు వచ్చేవి, అందులో 8 వైరస్ ఉన్నవి, అంటే 80 శాతం. తర్వాత, జనాభా అంతే ఉండగా, 20 కేసులు వస్తున్నాయి, వాటిలోనూ 8 మాత్రమే వైరస్ ఉన్నవి, అంటే 40 శాతం. వాటా సగానికి పడిపోయింది గాని, వైరస్‌తో ముడిపడిన జబ్బు ఒక్క కేసైనా తగ్గలేదు. పెరిగింది వైరస్ లేని రకం. సింగపూర్‌లో 1968 తర్వాత కౌమార, యువ వయసుల్లో ఈ లింఫోమా పెరిగినట్లు రిజిస్ట్రీ చూపడాన్ని గుర్తు పెట్టుకుంటే, ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదని అర్థమవుతుంది. రేటు లెక్కకు కావలసిన జనాభా సంఖ్య దొరకనప్పుడు, ‘వాటా తగ్గింది’ అన్నంతవరకే రాసి ఆగడం నిజాయితీ.

ఆర్థిక సూచికలను పోల్చేటప్పుడు రోగి బాల్యానికి వెనక్కు వెళ్లాలి. 2008లో 25 ఏళ్ల వయసులో జబ్బు బయటపడిన వ్యక్తి విషయంలో 2008 నాటి తలసరి ఆదాయం పెద్దగా పనికిరాదు, 1983 నుంచి 1988 వరకు ఆ ఇంట్లో ఒక్కో గదిలో ఎందరు పడుకున్నారన్నది కావాలి. తోబుట్టువుల సంఖ్య, పుట్టిన వరుస, తల్లి చదువు, ఇంటి రకం వంటి ప్రశ్నలనే 1981లో గుటెన్సోన్, కోల్ అనే పరిశోధకులు అడిగారు. యువతలో జబ్బు చిన్న కుటుంబాలవారికి, తల్లి ఎక్కువ చదివినవారికి ఎక్కువగా వచ్చినట్లు వారు చూపించారు. (దీన్ని చదివి పిల్లలను మురికిలో పెంచాలని ఎవరైనా అంటే, అతిసారంతో పోయే ప్రాణాల లెక్క చూపించండి.)

చివరగా, ఆసుపత్రికి వచ్చేవారు మారితే వాటా కూడా మారుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక, అంతకుముందు పెద్దాసుపత్రి గడప తొక్కలేని గ్రామీణ పేదలు చికిత్సకు రాగలిగారు. ఇలాంటి చోట, ఊళ్లో ఏమీ మారకపోయినా వైరస్ ఉన్న కేసుల వాటా పైకి పోవచ్చు, నిజంగా తగ్గుతున్న చోట ఆ తగ్గుదల మరుగున పడవచ్చు. కాబట్టి కేసు షీటు నుంచి రోగి జిల్లాను, చికిత్స ఖర్చు భరించినవారి వివరాన్ని తప్పనిసరిగా తీసుకుని, పథకానికి ముందు, తర్వాత కూడా ఒకే జిల్లాల నుంచి వచ్చినవారిని మాత్రమే పక్కపక్కన పెట్టి చూడండి.