బడి తెరిచే ముందు, డిజిటల్ ప్యానెల్ ఆన్ చేసే ముందు

జూన్ 12 దగ్గరపడింది. శ్రీకాకుళం జిల్లా టీచర్లం ఈ నాలుగూ చూసుకుంటే చాలు.

పిల్లల ముఖం, పేరు, బడి పేరు కలిపి స్టేటస్‌లో పెట్టొద్దు. ఒకసారి బయటికెళ్లిన ఫొటోని వెనక్కి తేలేం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. తేలినీలాపురం వలస పక్షుల మీద పిల్లలతో వీడియో చేయిస్తున్నారా? తెర మీద పక్షులు, గూళ్లు ఉంచి వెనక పిల్లల గొంతు వినిపించండి. నిజానికి అలాగే బాగుంటుంది కూడా.

సొంత ఫోన్‌ని తరగతి గదిలోని పెద్ద తెరకి, అంటే డిజిటల్ ప్యానెల్‌కి, కలిపే ముందు నోటిఫికేషన్లు ఆపండి. నా బ్యాంకు మెసేజ్‌ని ఒకసారి ఎనిమిదో తరగతి మొత్తం కోరస్‌గా చదివింది!

శాలిహుండం బౌద్ధ స్తూపాల గురించి ఏఐని అడిగిస్తే, జవాబుని పుస్తకంతో పోల్చి చూడమనండి. అది తప్పుని కూడా ధీమాగా చెబుతుంది. ఆ తప్పులు పట్టడం పిల్లలకి భలే సరదా.

ఉరుములు మొదలవకముందే ప్యానెల్ ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపినంత మాత్రాన పిడుగు ఆగదు.