సీఎస్‌ఈనా, ఏఐ బ్రాంచా? ఆప్షన్లు పెట్టే ముందు ఈ పని చేయండి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, మా తిరుపతిలో ఏ ఇంట్లో చూసినా ఇదే టెన్షన్. మామూలు సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) తీసుకోవాలా, ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని పేరున్న బ్రాంచా? దయచేసి పేరు చూసి ఆప్షన్ పెట్టకండి.

కాలేజీ వెబ్‌సైట్‌లో సిలబస్ దొరుకుతుంది. రెండు బ్రాంచిలవీ డౌన్‌లోడ్ చేసుకుని పక్కపక్కన పెట్టి, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ (డేటాబేస్‌ల సబ్జెక్టు), కంప్యూటర్ నెట్‌వర్క్స్ నాలుగూ రెండింట్లోనూ పూర్తిగా ఉన్నాయో లేదో, ల్యాబులు కూడా ఉన్నాయో లేదో మీరే చూడండి. ఉంటే ఏదైనా పర్వాలేదు. ఒక్కటి తగ్గినా నేనైతే సీఎస్‌ఈకే ఓటేస్తాను, ఎందుకంటే ఏఐని తర్వాత ఎలక్టివ్‌గా, అంటే మనమే ఎంచుకునే సబ్జెక్టుగా తీసుకోవచ్చు, ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగానే వినొచ్చు, కానీ వదిలేసిన పునాదిని ప్లేస్‌మెంట్ల ముందు కూర్చుని కట్టుకోవడం పిల్లలకు నిజంగా నరకం. ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్షలో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి వేరే పేపరు వచ్చింది, అది సీఎస్‌ఈ వాళ్లూ రాయొచ్చు.

ప్రాబబిలిటీ, మాత్రికలు అంటే ప్రాణం పెట్టే పిల్లలైతే మాత్రం ఏఐ బ్రాంచికి ధైర్యంగా పంపండి.

ఇంకోటి, చిత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చి చదవాలనుకునేవాళ్లు ల్యాబ్ టైమింగ్స్ సీనియర్లని ముందే అడగండి.