ఫ్లెక్సీ బదులు ఎల్‌ఈడీ తెర పెట్టిస్తున్నారా?

పెళ్లిళ్లకు, సభలకు ఎల్‌ఈడీ తెరలు కట్టడం నా పని. అందరూ ముందు అద్దె అడుగుతారు. అడగాల్సింది పీ నంబరు. పీ3.91 అంటే చుక్కకీ చుక్కకీ మధ్య 3.91 మిల్లీమీటర్లు. ముందు వరుస కుర్చీలు కనీసం నాలుగు మీటర్ల దూరంలో ఉంటేనే బొమ్మ నున్నగా కనిపిస్తుంది. గుమ్మం దగ్గర స్వాగతం బోర్డుకి ఇది దండగ. 55 అంగుళాల టీవీని స్టాండు మీద నిలువుగా పెట్టిస్తే చాలు.

అసలు టెన్షన్ డిజైన్ దగ్గరే. ఫ్లెక్సీ ఫైలు అలాగే పంపకండి. అరమీటరు ప్యానెళ్లు 24 కలిపి 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు తెర కడితే దానికుండేవి 768×512 పిక్సెళ్లే. అందులో బంధువుల ఫొటోలన్నీ ఇరికిస్తే పెదనాన్నగారు తన మొహం తనే గుర్తుపట్టలేరు! పేర్లు లావుగా, ముదురు రంగు మీద రాయించండి. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ కళ్లలో పొడుస్తుంది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు మా కంప్యూటర్‌లో గజిబిజి అయిపోతుంది కాబట్టి పీఎన్‌జీ బొమ్మగానో, ఎంపీ4 వీడియోగానో మార్చి ఇవ్వండి.

పార్కింగ్, భోజనాల బాణాలు మాత్రం ఫ్లెక్సీలోనే ఉంచండి. కరెంటు పోయినా అవి కనిపిస్తాయి. జనరేటర్ అందుకునేలోపు తెర ఎలాగూ ఆరుతుంది. కంప్యూటర్‌కీ, దాన్నుంచి తెరకి బొమ్మ పంపే ప్రాసెసర్ పెట్టెకీ యూపీఎస్ ఉంటే కరెంటు రాగానే బొమ్మ వచ్చేస్తుంది.