తంగేడును గింజతోనే పెంచండి

బతుకమ్మ దగ్గర పడిందంటే తంగేడు పువ్వు కోసం అందరూ గట్ల వెంట తిరుగుతారు. పండగ దాటాక దాన్ని పలకరించేవారు ఉండరు. 2014లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించినా, మా ఊరి చుట్టూ ఉన్న పొదలు ప్లాట్ల కింద పోతూనే ఉన్నాయి. అందుకే ప్రహరీ పక్కన నేనే వేసుకున్నాను.

గట్టు మీది మొక్కను మాత్రం పెకిలించి తేవద్దు. తల్లివేరు లోతుకు దిగి ఉంటుంది. అది తెగితే మొక్క బతకడం కష్టం. గింజ వేయడమే మేలు.

కాయలు బల్లపరుపుగా, పలచగా ఉంటాయి. గోధుమ రంగుకు తిరిగి, ఊపితే గలగలమన్నప్పుడు కోయండి. కన్నం పడ్డ గింజలు పురుగు తిన్నవి, ఏరి పారేయండి. గింజ పై తొక్క మహా మొండిది, ఊరికే చల్లితే చాలావరకు మొలవదు. మరిగించి దించిన నీళ్లను కాస్త ఆరనిచ్చి గింజల మీద పోసి, రాత్రంతా వదిలేస్తాను. తెల్లారేసరికి ఉబ్బినవి విత్తడానికి పనికొస్తాయి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది మళ్లీ నానబెడతాను.

మృగశిర కార్తెలో వాన పడ్డాక, పెరగాల్సిన చోటే విత్తితే అన్నిటికన్నా మంచిది. కవర్లలో వేస్తే పొడవాటివి తీసుకోండి. ఎర్రమట్టి, ఇసుక, గుప్పెడు చివికిన పశువుల ఎరువు చాలు. జానెడు ఎత్తు రాగానే, వేరు అడుగున చుట్టుకోకముందే, మట్టిగడ్డ చెదరకుండా నాటేయాలి. మొక్కకూ మొక్కకూ కనీసం మీటరు ఎడం ఉంచండి. నీడలో పెడితే పువ్వు ఆశ వదులుకోండి.

మొదటి ఎండాకాలం వారానికోసారి నీళ్లు పోయండి. తరువాత దాని మానాన దాన్ని వదిలేయాలి. రోజూ బిందె పట్టుకుని తిరిగే ప్రేమ దీనికి పడదు, వేరు కుళ్లుతుంది. ఆకుల మీద ఆకుపచ్చ గొంగళిపురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. సీతాకోకచిలుకలవి; ఆకు మళ్లీ వస్తుంది.

కాయలు కోసుకున్నాక కొమ్మలను మూడో వంతు కత్తిరిస్తే పొద గుబురుగా వస్తుంది, కొత్త చిగుళ్ల చివర పూస్తుంది. పువ్వు కోసేటప్పుడు గుత్తిని కత్తెరతో తీయండి, లాగితే బెరడు చీలుతుంది. పొదకు నాలుగైదు గుత్తులైనా వదలండి, వచ్చే ఏటి విత్తనం వాటిలోనే ఉంది.