ఎలుక బీపీ గ్రాఫ్ చదునైతే: ముందు ట్రాన్స్‌డ్యూసర్‌ను వెలుతురుకు ఎత్తి చూడండి

కాకినాడ నుంచి భీమవరం దాకా ఏ ఫార్మసీ, వైద్య కళాశాల ప్రయోగశాలకు వెళ్లినా ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది. "మొదట గ్రాఫ్ బాగానే వచ్చింది మేడమ్. అరగంటకు పల్స్ చిన్నదైపోయింది. ఎలుక చచ్చిపోతోందా, లేక మందు పనిచేస్తోందా?" చాలాసార్లు రెండూ కావు. ఈలోపు మత్తు తగ్గించడం, సెలైన్ ఎక్కించడం, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయడం అన్నీ అయిపోయి ఉంటాయి. ట్రాన్స్‌డ్యూసర్ (రక్తపు ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) డోమ్‌లోకి, అంటే దాని మీద సెలైన్ నిండే గిన్నెలోకి, మాత్రం ఎవరూ తొంగి చూసి ఉండరు.

మెడలోని కెరోటిడ్ ధమనిలో కాథెటర్ (సన్నని గొట్టం) పెట్టడం, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) కలిపిన సెలైన్ వాడటం, 0, 100, 200 మి.మీ. పాదరసం వద్ద కాలిబ్రేట్ చేయడం (తెలిసిన ఒత్తిడితో సరిచూడటం) మీకు వచ్చనే అనుకుంటున్నాను. నైతిక కమిటీ అనుమతి కూడా ఉందనే అనుకుంటున్నాను. అక్కడి నుంచి మొదలుపెడదాం.

లక్షణం: పై అంకె దిగింది, కింది అంకె ఎక్కింది

ముందు మీన్ ప్రెషర్ (సగటు ఒత్తిడి) చూడండి. 125/85 ఉన్నది 108/93 అయిందనుకోండి. రెండు అంకెల తేడాలో మూడో వంతును కింది అంకెకు కలిపి లెక్క వేస్తే మీన్ రెండుచోట్లా 98 దగ్గరే ఉంటుంది. ఎలుక నిజంగా నీరసిస్తే మీన్ కూడా దిగుతుంది. సిస్టోలిక్ (పై అంకె) దిగి, డయాస్టోలిక్ (కింది అంకె) ఎక్కి, మీన్ కదలకుండా ఉంటే మొదటి అనుమానం లైను మీద, అంటే ధమని నుంచి ట్రాన్స్‌డ్యూసర్ దాకా సెలైన్ నిండిన గొట్టం మీద, పడాలి. గుండె పంపే రక్తం తగ్గి, అదే సమయంలో నాళాలు బిగుసుకున్నా ఇలాంటి గ్రాఫే రావచ్చు, నిజమే. కాని ఆ వివరణ థీసిస్‌లో రాసే ముందు లైను నిర్దోషి అని తేల్చుకోవాలి.

దోషి చాలాసార్లు గాలి బుడగే. నీటిని ఎంత నొక్కినా కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. ధమని నుంచి వచ్చే ప్రతి తోపునూ బుడగ మధ్యలోనే మింగేస్తుంది, ట్రాన్స్‌డ్యూసర్‌లోని డయాఫ్రం (ఒత్తిడిని పట్టే పలుచని పొర) దాకా మొండి అల మాత్రమే చేరుతుంది. ఐసీయూలో మనిషికి పెట్టిన లైనులో ఇంత చిన్న బుడగ ఉన్నా పని నడిచిపోతుందని కొందరు వాదిస్తారు. మనిషి గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే అది సెకనుకు 1.2. ఎలుక గుండె నిమిషానికి 400 అంటే సెకనుకు 6.7. అల ఆకారం సరిగా రావాలంటే దానికి ఆరు నుంచి పది రెట్ల వేగం దాకా, అంటే 40 నుంచి 70 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు) దాకా, లైను నమ్మకంగా మోయాలి. మనిషి లైనులో కనిపించని లోపం ఎలుక లైనులో గ్రాఫునే మార్చేస్తుంది.

బుడగ ఎప్పుడూ గ్రాఫును చదునే చేస్తుందనుకోవడం ఇంకో పొరపాటు. పెద్ద బుడగ, సన్న కాథెటర్ కలిస్తే చదును అవుతుంది. చాలా చిన్న బుడగ లైను సహజ కంపన వేగాన్ని తగ్గించి, ఎలుక గుండె అలలకు దగ్గరగా తెస్తుంది. అప్పుడు లైను మోగుతుంది, అంటే తట్టిన గంటలా తనే ఊగుతుంది, సిస్టోలిక్ ఉన్నదానికంటే ఎత్తుగా, సూదిలా లేస్తుంది. "కంట్రోల్ ఎలుకలకు కూడా బీపీ ఎక్కువగా వస్తోంది" అనే వారి డోమ్‌లో ఆవగింజంత బుడగ దొరకడం కొత్త కాదు.

ఇక అసలు కిటుకు. "నింపేటప్పుడు బుడగ లేదు, కళ్లారా చూశాను" అంటారు. అబద్ధం కాదు. బుడగ తర్వాత పుట్టింది.

హెపారిన్ కలిపిన సెలైన్ సీసాను ఫ్రిజ్‌లో దాచి, ప్రయోగం రోజు తీసి నేరుగా లైనులోకి నింపుతారు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీలు, మే నెలలో ఏసీ లేని గదిలో 35 డిగ్రీలు. చల్లటి నీటిలో గాలి ఎక్కువ కరుగుతుంది. 4 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 13 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 35 డిగ్రీల వద్ద 7 దాకానే కరుగుతుంది. నత్రజని కూడా అదే దారి. వేడెక్కుతున్న కొద్దీ మిగిలిన గాలి బయటికి రావాల్సిందే, వచ్చి డోమ్ గోడకు అంటుకుంటుంది. భీమవరం వైపు నుంచి వచ్చిన పిల్లలకు ఇది చెప్పనక్కరలేదు. ఎండలు ముదిరితే రొయ్యల చెరువులో డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) నిలవదని, ఏరేటర్లు ఆపకూడదని ఇంట్లో వింటూ పెరిగినవాళ్లు. చెరువుకు తెలిసిన సూత్రం సెలైన్ సీసాకు మాత్రం ఎవరూ అన్వయించరు. గ్రాఫ్ "మొదట బాగానే" ఉండి అరగంటకు పాడవడానికి కారణం ఇదే. మందు ఇచ్చిన సమయం, బుడగ పుట్టిన సమయం ఒక్కటైతే ఇక ఆ మందుకు లేని గుణం అంటగట్టినట్టే.

వెతకడం ఇలా. ఫోన్ టార్చి వెనక నుంచి పట్టి డోమ్ అంచులు చూడండి. తర్వాత త్రీ వే (మూడు దారుల కుళాయి) లోపలి రంధ్రం, ముఖ్యంగా పిడి కింది భాగం. తర్వాత సూది మొదలు ట్యూబులోకి దిగే చోటు. అక్కడి బుడగ పైకి కనిపించదు, ట్యూబును కొంచెం వంచి చూస్తేనే దొరుకుతుంది.

తీయడంలో జాగ్రత్త ఉంది. సిరంజితో లోపలికి నెట్టేస్తే పోతుందని కొందరి ధైర్యం. అది పోయేది ఎలుకలోకి. కెరోటిడ్ నుంచి మెదడు ఎంతో దూరం లేదు. త్రీ వేను జంతువు వైపు మూసి, డోమ్ పై రంధ్రాన్ని గాలికి తెరిచి, అది అన్నిటికన్నా ఎత్తున ఉండేలా వంచి, గోటితో తడుతూ కింది నుంచి మెల్లగా నింపండి. మూసే ముందు జీరో మళ్లీ సరిచూడండి. జంతువు వైపు ఫ్లష్ చేయాల్సి వస్తే చాలా కొద్దిగానే. 250 గ్రాముల ఎలుకలో మొత్తం రక్తమే 16 మి.లీ. దగ్గర ఉంటుంది.

అసలు రాకుండా చేయాలంటే సెలైన్‌ను ముందురోజే ఫ్రిజ్ నుంచి తీసి గదిలో పెట్టండి. ఇంకా నమ్మకం కావాలంటే సిరంజిలో సగం దాకా సెలైన్ తీసుకుని, గాలి వదిలేసి, కొన మూసి పిస్టన్‌ను వెనక్కి లాగండి. కరిగిన గాలి బుడగలై పైకి తేలుతుంది. తట్టి బయటికి పంపి, రెండు మూడు సార్లు అలాగే చేయండి. దీనికి ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు.

లైను బాగుందని తేల్చే పరీక్ష ఎలుకను బల్ల మీద పెట్టకముందే చేయాలి. ఒక పెద్ద సిరంజి గొట్టంలో నీళ్లు పోసి, గొట్టం నోటికి గ్లవ్ రబ్బరు ముక్క బిగించి, కాథెటర్ కొన లోపలి నీటిలో ఉండేలా చేసి, బీపీ పరికరం బల్బుతో ఒత్తిడి పెంచి, రబ్బరును సూదితో పగలగొట్టండి. గ్రాఫ్ నిటారుగా పడి, జీరో కిందికి ఒకటి రెండుసార్లు చిన్నగా ఊగి నిలబడితే లైను మంచిది. ఊగకుండా నెమ్మదిగా జారితే బుడగ ఉంది, లేదా ట్యూబు మెత్తనిది. డ్రిప్ సెట్ ట్యూబును ముక్క కోసి వాడేవారు ఇక్కడే దొరికిపోతారు. గట్టి, పొట్టి పాలిథిన్ కాథెటర్ వాడండి.

ఇప్పటికే చదునుగా రికార్డయిన ప్రయోగాలను పారేయనక్కరలేదు. సిస్టోలిక్, డయాస్టోలిక్ వదిలేయండి, మీన్, గుండె వేగం ఉంచుకోండి. జర్మన్ శరీరశాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ 1847లో ప్రకటించిన కైమోగ్రాఫ్ (తిరిగే డ్రమ్ము మీద ఒత్తిడి అలను గీసే పరికరం), మన కళాశాలల బీరువాల్లో ఇప్పటికీ తుప్పు పడుతున్న దాని వారసులు, పాదరసం బరువు వల్ల ఎలుక గుండె పోటును అనుసరించలేవు. అయినా ఆ రోజుల్లో మీన్‌తోనే ఎన్నో మందుల గుణం తేల్చారు.

లైను బాగున్నా గ్రాఫ్ చదునుగానే ఉంటే

ఫిల్టర్ చూడండి. మెయిన్స్ రొద (కరెంటు వల్ల గ్రాఫులో పడే గజిబిజి) పోతుందని ఎవరో 10 హెర్ట్జ్ పైన ఉన్నదంతా ఆపే ఫిల్టర్ పెట్టి ఉంటారు. 6.7 హెర్ట్జ్ గుండెకు అది అల ఆకారమంతా నరికేయడమే. రొదకు మందు ఎర్తింగ్. రోహిణి కార్తె ఎండల్లో ఎర్త్ గుంత ఎండిపోతుంది, రెండు బిందెల నీళ్లు పోయించండి.

సిరంజి కదలకపోతే, లేదా ఫ్లష్ చేశాక ఒత్తిడి దిగడానికి తంటాలు పడితే కాథెటర్ కొనలో రక్తం గడ్డకట్టింది. మెల్లగా వెనక్కి లాగి చూడండి. బలవంతంగా ముందుకు తోయవద్దు.

మీన్ సహా అన్నీ ఒకేసారి పెరిగాయి, లేదా తగ్గాయి

ఎత్తు. డోమ్ గుండె కంటే 10 సెం.మీ. కిందికి ఉంటే 7 మి.మీ. పైచిలుకు ఎక్కువ చూపుతుంది. ఎలుక బల్ల కింద రికార్డు పుస్తకాలు ఎవరు పెట్టారో కనుక్కోండి.

గుండె వేగం రెట్టింపు, లేదా మరీ తక్కువ

380 ఉండాల్సిన చోట 760 వస్తే సాఫ్ట్‌వేర్ ఒక్కో అలలో రెండు శిఖరాలు లెక్కిస్తోంది. ట్రిగ్గర్ గీతను (అల దాటితే ఒక స్పందనగా లెక్కించే హద్దు) పైకి జరపండి, ఈసీజీ ఉంటే దానితో సరిపోల్చండి. మోగుతున్న లైను కూడా ఇలాగే మోసం చేస్తుంది. 220 దగ్గర ఉంటే మత్తులో జైలజీన్ (గుండె వేగాన్ని తగ్గించే మత్తుమందు) ఉందో చూడండి, తర్వాత మలద్వారంలో థర్మామీటరు పెట్టండి. మత్తులో ఉన్న ఎలుక ఏసీ గదిలో త్వరగా చల్లబడుతుంది, బయట ఎంత ఎండ ఉన్నా.

తోక కఫ్ పద్ధతిలో (తోకకు పట్టీ చుట్టి బీపీ కొలవడం) పల్స్ అందకపోతే తోక చల్లగా ఉంది, లేదా ఎలుక గొట్టానికి ఇంకా అలవాటు పడలేదు. మిగతావి ఆలోచించే ముందు ఈ రెండూ.

యాంప్లిఫయర్ చెడిపోవడం, ట్రాన్స్‌డ్యూసర్ సంకేతాన్ని కొలిచే బ్రిడ్జి సర్క్యూట్ కాలిపోవడం అరుదు. వానాకాలంలో కనెక్టర్ పిన్నులకు పచ్చ చిలుము పడితే తుడవండి. డయాఫ్రంకు ఎవరైనా సూది తగిలించి ఉంటే జీరో ఎంత తిప్పినా నిలవదు. ఆ ట్రాన్స్‌డ్యూసర్‌ను బాగు చేయించే ప్రయత్నం వద్దు, కొత్తది కొనండి.