ఘట్‌కేసర్‌లోనా, భువనగిరిలోనా? బయానా ఇచ్చే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఈ రెండింటిలో ఒకచోట ఇల్లో ప్లాటో కొనాలనుకుంటే, గజం ధర పక్కన పెట్టి, ముందు ప్రయాణం తేల్చుకోండి. ఆదివారం చూసొస్తే ఏమీ తెలియదు. సోమవారం పొద్దున ఆఫీసు వేళకు రెండు చోట్ల నుంచీ బయల్దేరి చూడండి.

ఘట్‌కేసర్ వాళ్లకు ఉప్పల్ దగ్గరే సమయం పోతుంది. భువనగిరి నుంచి కారులో అయితే గూడూరు టోల్ ఖర్చూ కలపాలి. రైలైతే, సికింద్రాబాద్‌లో దిగాక ఆఫీసుకు ఎంతసేపు? నెలవారీ సీజన్ టికెట్ రిజర్వేషన్ బోగీల్లో చెల్లదు, సూపర్‌ఫాస్ట్‌కు అదనంగా కట్టాలి. రాత్రి చివరి బండి తప్పితే దారేమిటో ఇప్పుడే అడగండి.

ప్లాటు కొంటుంటే అసలు చిక్కు కాగితాల్లోనే:

- లేఅవుట్ అనుమతి తాత్కాలికమా, ఫైనలా? తాత్కాలికమైతే కొన్ని ప్లాట్లు అనుమతిచ్చిన సంస్థ దగ్గర తనఖాలో ఉంటాయి. అవి విడుదలయ్యేదాకా రిజిస్ట్రేషన్ కుదరదు. మీ ప్లాటు నంబరు తనఖా జాబితాలో ఉందేమో తప్పకుండా చూడండి.
- స్థలం 500 చదరపు మీటర్లు దాటిన వెంచరైతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉందో లేదో చూడండి.
- 30 ఏళ్ల ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే పత్రం), నాలా మార్పిడి (వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం), చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు నిండినప్పుడు నీరు వచ్చే మేర) కూడా చూడండి.

బోరు నీళ్లు మే నెలలో చూడాలి. మూసీ వెంబడి ఊళ్లయితే ల్యాబ్ పరీక్ష చేయించకుండా బయానా ఇవ్వొద్దు.